రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిశాక: గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

చివరి రేడియేషన్ పూర్తయిన రోజున ఆసుపత్రిలో వినిపించే మాట సాధారణంగా ఒక్కటే: "ఇక మూడు నెలలకు రండి." ఆ మూడు నెలల్లో ఇంట్లో ఏం చేయాలో, ఏ నొప్పిని ఓర్చుకోవచ్చో, ఏ నొప్పికి వెంటనే పరుగెత్తాలో కూర్చోబెట్టి చెప్పేవారు అరుదు. పర్లాకిమిడి దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దక్కకు ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్, కీమో, మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనే రేడియేషన్, అన్నీ ముగిసేసరికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ తేదీలు చెప్పేవారు, మందులు రాసేవారు ఉన్నారు. ఆ తరువాతి కాలంలోనే మేము దారి తెలియక తడుముకున్నాం. ఎనిమిదో నెలలో అక్క ఎడమ చేయి వాచింది. దగ్గరలో ఉన్న ఒక వైద్యుడు దానిని బోదవ్యాధిగా భావించి మాత్రలు రాశారు. అసలు సంగతి తెలిసేసరికి మరో నాలుగు నెలలు గడిచిపోయాయి, ఆ వాపు నేటికీ పూర్తిగా తగ్గలేదు. అలాంటి నాలుగు నెలలు మరో ఇంట్లో వృథా కాకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒడిశాలోని మన సరిహద్దు జిల్లాలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒకే మనిషికి ఆపరేషన్ విశాఖపట్నంలో, కీమో బరంపురంలో, రేడియేషన్ కటక్‌లో జరగడం ఇక్కడ వింత కాదు. బరంపురం నుంచి రైలులో విశాఖ సుమారు 280 కిలోమీటర్లు, భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వారికి విశాఖే సులువు. అందువల్ల ఆమె కథ మొత్తం తెలిసిన వైద్యుడు ఏ ఒక్క ఊళ్లోనూ ఉండడు. ఆ కథను ఆమే, లేదా ఆమె వెంట ఉండే ఒక మనిషి, కాగితాల రూపంలో మోయవలసి వస్తుంది. కింద చెప్పే పనులన్నింటికీ మూలం ఇదే.

మొదటి పని: ఫైలును ఒకటి చేయడం

చికిత్స ముగిసిన వారంలోనే, జ్ఞాపకాలు తాజాగా ఉండగానే, ఈ పని చేయండి. మూడు ఆసుపత్రుల కాగితాలనూ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టి, పైన ఒక పేజీలో మీ చేతిరాతతో ముఖ్యమైన విషయాలు రాయండి. గడ్డ ఏ వైపు వచ్చింది, రొమ్ము మొత్తం తీశారా లేక గడ్డ వరకే తీశారా, చంకలో ఎన్ని లింఫ్ గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటికి క్యాన్సర్ సోకింది, ఈఆర్, పీఆర్ (గడ్డ కణాలపై హార్మోన్లను అందుకునే గుర్తులు), హెర్2 (ఆ కణాలపై ఉండే ఒక ప్రోటీన్) పరీక్షల ఫలితం ఏమిటి, ఏ కీమో మందులు ఎన్నిసార్లు ఎక్కించారు, రేడియేషన్ ఎన్ని రోజులు ఇచ్చారు, ఇప్పుడు ఏ మాత్ర ఏ తేదీన మొదలైంది అన్నవి తప్పక ఉండాలి. ఇవన్నీ బయాప్సీ నివేదికలోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ ఉంటాయి, దొరకకపోతే తరువాతి సందర్శనలో నర్సును అడిగి రాయించుకోండి. ఈఆర్, పీఆర్, హెర్2 అన్న మూడు మాటలు అర్థం కాకపోయినా రాసుకోవలసిందే, ఎందుకంటే రాబోయే అయిదు లేదా పదేళ్లలో మీరు ఏ మందు వాడాలో అవే నిర్ణయిస్తాయి.

ఆ పేజీకి ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ముగ్గురి దగ్గర ఉంచండి. గంజాం ఇళ్లలో మగవారు సూరత్ మిల్లులకు పనికి వెళ్లి ఉండటం మామూలే కనుక, దూరాన ఉన్న భర్త ఫోనులోనో కొడుకు ఫోనులోనో కూడా ఒక ప్రతి ఉంటే, రాత్రివేళ ఆసుపత్రి నుంచి ఎవరైనా అడిగినప్పుడు జవాబు చెప్పగలుగుతారు.

భాష గురించి ఒక మాట. బరంపురంలో తెలుగు నడుస్తుంది, కటక్‌లో నడవదు. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే పెద్దావిడ అక్కడ తన బాధను సైగలతో చెప్పి, సగమే చెప్పగలిగి తిరిగి రావడం నేను చూశాను. అందుకని కొన్ని ఒడియా మాటలు ముందే నేర్చుకోవడం మంచిది. ఎడమ చేయి 'బాఁ హాత', కుడి చేయి 'డాహాణ హాత', జ్వరం 'జ్వర', పుండు 'ఘా', గడ్డ 'గాంఠి', వాచిపోయింది అనడానికి 'ఫులిజాఇఛి'. "ఎ హాతరే ఇంజెక్షన్ దిఅంతు నాహిఁ" అంటే ఈ చేతికి ఇంజెక్షన్ ఇవ్వకండి అని. క్యాన్సర్‌ను అక్కడ 'కర్కట రోగ' అంటారు, ఆ మాట వినగానే తెలుసుకోవాలి.

రెండో పని: ఆపరేషన్ అయిన వైపు చేయిని కాపాడుకోవడం

ఈ భాగాన్ని నేను కావాలనే ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే మన దగ్గర అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే.

చంకలోని లింఫ్ గ్రంథులు చేతి నుంచి వచ్చే ద్రవాన్ని వడకట్టి వెనక్కి పంపే కాలువల వంటివి. వాటిని తీసేసినా, రేడియేషన్‌తో అవి మూసుకుపోయినా, ద్రవం చేతిలోనే నిలిచి వాపు వస్తుంది. ఒకటి రెండు గ్రంథులను మాత్రమే పరీక్షకు తీసిన వారిలో దాదాపు వందకు అయిదారుగురికి, చంకను పూర్తిగా శుభ్రం చేసిన వారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలో కనిపిస్తుంది కాని, పదేళ్ల తరువాత కూడా రావచ్చు. మొదట్లో పట్టుకుంటే అదుపులో ఉంటుంది, ముదిరితే చర్మం గట్టిపడి జీవితాంతం మిగులుతుంది. మన తీరంలో బోదవ్యాధి ఉన్నందున వాచిన చేతిని చూసి దానినే అనుమానించడం సహజం. అయినా రొమ్ము ఆపరేషన్ జరిగిన వైపు చేయి వాచిందంటే, వైద్యునికి ముందుగా ఆపరేషన్ సంగతి చెప్పండి, ఫైలు చూపండి, అప్పటివరకు బోదవ్యాధి మాత్రలు మింగకండి. ఆ వైపు చంకలోనో మెడ కిందనో కొత్త గడ్డ ఉండి చేయి వాస్తే వ్యాధి తిరగబెట్టిందేమోనని కూడా పరీక్షించాలి, కనుక వాపును ఏ విధంగానూ తేలిగ్గా తీసుకోకూడదు.

కొలత ఇలా తీయండి. దర్జీ టేపు ఒకటి కొనండి. ప్రతి నెలా ఒకే తేదీన, ఉదయం ఒకే వేళకు, రెండు చేతులనూ కొలవాలి. మణికట్టు ఎముక దగ్గర ఒకసారి, అక్కడి నుంచి 10 సెంటీమీటర్ల పైన ఒకసారి, 20 దగ్గర, 30 దగ్గర, ఇలా చంక కింది వరకు. టేపును బిగించకుండా చర్మానికి ఆనించి మాత్రమే చుట్టండి. రెండు చేతుల అంకెలనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి. ఎక్కడైనా తేడా 2 సెంటీమీటర్లు దాటితే, లేదా గత నెలలకన్నా తేడా క్రమంగా పెరుగుతూ ఉంటే, తరువాతి తేదీ కోసం ఆగకుండా వైద్యునికి చూపండి. అంకెలకన్నా ముందే చేయి కొన్ని సంకేతాలు ఇస్తుంది. గాజులు మోచేతి వైపు జరగవు, ఉంగరం బిగుస్తుంది, ఆ వైపు జాకెట్టు చేయి ఇరుకవుతుంది, సాయంత్రానికి చేయి బరువెక్కినట్టు ఉంటుంది. గాజులు తీయడం అశుభమని ఇంట్లో పెద్దలు అంటే, రెండో చేతికి నిండుగా వేసుకుని, ఈ చేతికి వదులుగా ఉండే ఒకే ఒక్క గాజు ఉంచుకోవచ్చు. బిగిసిన గాజు చేయిని కోసేదాకా ఆగడంలో శుభమేమీ లేదు.

వ్యాయామం ఆపరేషన్ మరునాడే మొదలు కావాలి, కాని మెల్లగా. గాయంలోని ద్రవాన్ని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉన్నంత కాలం పిడికిలి బిగించి వదలడం, మోచేయి మడిచి చాచడం, భుజాలు గుండ్రంగా తిప్పడం, తల దువ్వుకోవడం చాలు, చేయిని భుజం ఎత్తు దాటించకండి. గొట్టం తీసి కుట్లు మానిన తరువాత, వైద్యుడు సరే అన్నాక, గోడ వ్యాయామం మొదలుపెట్టాలి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను సాలీడులా గోడపై పైకి నడిపించి, లాగుతున్నట్టు అనిపించే చోట ఆగి, అయిదు దాకా లెక్కపెట్టి దించాలి. ఆ రోజు చేరిన ఎత్తున సుద్దముక్కతో గీత గీయండి, వారం తరువాత కొత్త గీత పైన ఉంటుంది. ఆ తరువాత గోడకు పక్కగా నిలబడి అదే పని చేయాలి. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి అయిదు నుంచి పది మార్లు చొప్పున చేస్తే, నెల నుంచి నెలన్నరలో చాలామందికి జాకెట్టు సొంతంగా తొడుక్కునేంత కదలిక తిరిగి వస్తుంది. రేడియేషన్ తీసుకున్నవారు అక్కడితో ఆపకూడదు. ఆ కండరాలు, చర్మం నెలల తరబడి బిగుస్తూనే ఉంటాయి కనుక కనీసం ఏడాదిపాటు ఈ సాగదీత కొనసాగాలి. చేయి ఎత్తినప్పుడు చంక నుంచి మోచేయి వైపు తీగలాగా చర్మం కింద ఏదో బిగిసి కనిపిస్తే భయపడకండి, అది ఆపరేషన్ తరువాత వచ్చేదే, సాగదీస్తే చాలావరకు కొన్ని వారాల్లో వదులుతుంది.

"ఇక ఆ చేత్తో ఏదీ ఎత్తకు" అన్న సలహా మన ఇళ్లలో ప్రేమతోనే వస్తుంది, ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ అదే చెప్పేవారు. క్రమంగా, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ చేసే వ్యాయామం వాపును పెంచదని 2009లో వెలువడిన ఒక ముఖ్యమైన పరిశోధన చూపింది. వాడకుండా వదిలేసిన చేయి బలహీనపడి, ఒక రోజు తప్పనిసరై బిందె ఎత్తినప్పుడు అదే ప్రమాదమవుతుంది. కాబట్టి అరలీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టి, చేయి బరువెక్కనంత వరకు, వారాల లెక్కన పెంచుకుంటూ వెళ్లండి. నిండు బిందెను, కట్టెల మోపును ఒక్కసారిగా ఆ వైపు ఎత్తకండి, చంటిబిడ్డను గంటల తరబడి ఆ చంకనే ఎత్తుకోకండి.

చర్మానికి గాయం కానివ్వకపోవడం అంతకన్నా ముఖ్యం. ఇక్కడి పనులన్నీ చేతికి గాయం చేసేవే. జీడిపిక్కలు కొట్టే ఆడవారికి పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలు తెస్తుంది. ఛత్రపురం, చికిటి వైపు మొగలి పొదల ఆకులకు ముళ్లు ఉంటాయి. గోపాలపురం తీరంలో, ఒడియావారు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారుల ఇళ్లలో, చేపలు శుభ్రం చేసే ఆడవారికి రెక్కల ముళ్లు గుచ్చుకోని రోజు ఉండదు. పని మానమని నేను అనలేను, ఆ పనే అన్నం పెడుతుంది. మందపాటి రబ్బరు తొడుగు ఆ చేతికి తప్పకుండా వేసుకోండి. చిన్న గాయమైనా వెంటనే సబ్బుతో కడిగి యాంటిసెప్టిక్ మందు రాసి శుభ్రమైన గుడ్డ కట్టండి. రాత్రి దోమతెర వాడండి, గోళ్ల చుట్టూ చర్మాన్ని కొరకకండి, స్నానం తరువాత కొబ్బరినూనె రాసి చర్మం పగలకుండా చూసుకోండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరమో చలో వస్తే అది చర్మం లోపలి ఇన్ఫెక్షన్, అదే రోజు వైద్యుని దగ్గరకు వెళ్లి యాంటిబయాటిక్ మొదలుపెట్టాలి. పసుపు పట్టు వేసి తెల్లవారే వరకు ఆగడం కూడా ఇందులో తప్పే, ఎందుకంటే ఒక్కో ఇన్ఫెక్షన్ మిగిలిన కాలువలను కూడా దెబ్బతీసి వాపును శాశ్వతం చేస్తుంది.

రక్తపరీక్షకు, బీపీకి వీలున్నంతవరకు రెండో చేయి ఇవ్వండి. ప్రాణాపాయ సమయంలో ఈ చేతికే సూది వేయవలసి వస్తే బెంగపడకండి, ఒక్క సూదితో వాపు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

వాపు వచ్చినవారికి చేయి పొడవునా బిగుతు తొడుగు వేస్తారు. దానిని చేతి కొలతలు తీసుకుని ఇవ్వాలి, మందుల దుకాణంలో దొరికే క్రేప్ బ్యాండేజీని తోచినట్టు చుట్టడం మేలుకన్నా కీడే చేస్తుంది. ఉదయం లేవగానే వేసుకుని, రాత్రి పడుకునే ముందు తీయాలి. మన తీరపు ఉక్కలో అది చెమటకు తడిసి చిరాకు పెడుతుంది, అందుకని రెండు తీసుకుని రోజు మార్చి రోజు ఉతుక్కోండి. ఆరు నెలలకు సాగిపోతుంది, మార్చాలి.

మూడో పని: రోజూ ఒక మాత్ర, ఏళ్ల తరబడి

ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అని నివేదికలో ఉన్నవారికి హార్మోన్ మాత్ర రాస్తారు. నెలసరి ఆగనివారికి ఎక్కువగా టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, ఆగినవారికి లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు లేదా అనాస్ట్రోజోల్ 1 మిల్లీగ్రాము. కనీసం అయిదేళ్లు, కొందరికి పదేళ్లు. నొప్పి లేదు, గడ్డ లేదు, కనుక మాత్ర ఎందుకని మానేయడమే ఈ దశలో జరిగే అతి పెద్ద పొరపాటు. కనిపించని కణాలను ఆకలితో ఉంచడానికే ఆ మాత్ర. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మరునాడు రెండు కలిపి వేసుకోకండి. పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే తరువాతి నెలవి తెచ్చుకోండి. ప్రభుత్వ పథకం కింద నడిచే జన ఔషధి మందుల దుకాణాల్లో ఇవి తక్కువ ధరకు దొరుకుతాయో లేదో ముందు అడగండి.

టామాక్సిఫెన్ వాడేవారికి ఒళ్లు ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టడం మామూలు. నెలసరి ఆగిపోయినవారికి మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, గర్భసంచి పరీక్ష చేయించుకోవాలి. పిక్కలో ఒకవైపే వాపు, నొప్పి వస్తే, హఠాత్తుగా ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, రాత్రైనా 108కు ఫోన్ చేయండి. మానసిక వేదనకు మందు రాసే వైద్యునికి టామాక్సిఫెన్ వాడుతున్నట్టు చెప్పాలి, పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ వంటి కొన్ని మందులు దాని పనిని తగ్గిస్తాయి. ఈ మాత్ర వాడుతుండగా గర్భం రాకూడదు. హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే అంతరా సూదిమందు ఈ వ్యాధి వచ్చినవారికి పనికిరావు, కాపర్-టీ లేదా కండోమ్ వాడాలి. పిల్లలు కావాలనుకునే యువతులు తమంతట తాము మాత్ర ఆపకుండా, ముందే క్యాన్సర్ వైద్యునితో మాట్లాడితే సరైన సమయం చూసి చెబుతారు.

లెట్రోజోల్ వంటివి కీళ్ల నొప్పులు తెస్తాయి, ఎముకలను పలచబరుస్తాయి. ఉదయం లేవగానే వేళ్లు, మోకాళ్లు పట్టేసినట్టు ఉంటే మాత్ర ఆపకుండా నడక పెంచి చూడండి, తగ్గకపోతే వైద్యుడు అదే వర్గంలో మరో మాత్రకు మారుస్తారు. ఎముకల సాంద్రత పరీక్ష మొదట్లో ఒకసారి, తరువాత రెండేళ్లకు ఒకసారి అడగండి. హెర్2 పాజిటివ్ వారికి ట్రాస్టుజుమాబ్ సూదిమందు మూడు వారాలకొకసారి ఏడాదిపాటు ఉంటుంది. అది గుండెపై ప్రభావం చూపవచ్చు కనుక దాదాపు మూడు నెలలకొకసారి ఎకో (గుండె స్కాన్) పరీక్ష జరుగుతోందో లేదో మీరే లెక్క చూసుకోండి.

నాలుగో పని: తిరిగి చూపించుకోవడం

మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకు ఒకసారి, నాలుగో, అయిదో ఏళ్లలో 6 నుంచి 12 నెలలకు ఒకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి వైద్యుడు చేత్తో పరీక్షించాలి. ఏడాదికొకసారి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్-రే. గడ్డ మాత్రమే తీసినవారికి రెండు వైపులా, రొమ్ము మొత్తం తీసినవారికి మిగిలిన రొమ్ముకు. రేడియేషన్ తీసుకున్నవారికి మొదటి మామోగ్రామ్ అది ముగిశాక ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఉంటుంది. ఏ లక్షణమూ లేనప్పుడు ఏటా పెట్ స్కాన్, ఎముకల స్కాన్, క్యాన్సర్ మార్కర్ రక్తపరీక్షలు అవసరం లేదు. వాటివల్ల ఆయుష్షు పెరగదని పరిశోధనలు చూపాయి. పొలం తాకట్టు పెట్టి ఏటా స్కాన్ తీయించే కుటుంబాలను నేనెరుగుదును, ఆ డబ్బు మందులకు, తిండికి, ప్రయాణానికి ఉంచుకోవడమే మేలని వారికి ధైర్యంగా చెబుతున్నాను.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే తేదీ కోసం ఆగకూడదు. మచ్చ మీద గానీ, చంకలో గానీ, మెడ కింద గానీ కొత్త గడ్డ లేదా పొక్కులు, రెండు మూడు వారాలైనా తగ్గని వెన్ను లేదా ఎముక నొప్పి, విడవని దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, ఉదయంపూట వాంతులతో కూడిన తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఈ కోవలోకి వస్తాయి. నడుము నొప్పితోపాటు కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగినా అది గంటల లెక్కలో చూపించవలసిన విషయం.

వైద్యుని ముందు కూర్చునే సమయం అయిదు నిమిషాలే ఉండవచ్చు. అందుకని అడగవలసిన మూడు ప్రశ్నలను ముందు రోజే రాసుకోండి, చేతి కొలతల పుస్తకం తీసుకెళ్లండి, ఆ రోజు ఏం చెప్పారో బయటికి రాగానే రాసుకోండి.

తిండి, నడక, నిద్ర

పథ్యం పేరిట మన ఇళ్లలో మొదట మానిపించేవి చేప, గుడ్డు, గోంగూర, వంకాయ. చికిత్సతో కండ కరిగిపోయిన మనిషికి సరిగ్గా మాంసకృత్తులు కావలసినప్పుడే వాటిని దూరం చేయడం నాకు అన్నింటికన్నా బాధ కలిగిస్తుంది. వీటిలో ఏదీ క్యాన్సర్‌ను తిరిగి తేదు. రోజూ గుడ్డో చేపో పప్పో ఉలవలో ఏదో ఒకటి రెండు పూటలా ఉండాలి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఒడియావారు మండియా జావు అనే మన రాగి అంబలి ఎముకలు పలచబడే మాత్రలు వాడేవారికి నిజమైన ఆసరా. ముళ్లతో సహా తినే చిన్న చేపలు, మునగాకు, నువ్వులు కూడా అంతే. రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి, తిండితో అందనిది మాత్రతో పూరించాలా అన్నది వైద్యుడు చెబుతారు. సోయా వడలు (మీల్‌మేకర్) కూరలో మితంగా తినవచ్చు. చికిత్స తరువాత బరువు పెరగడం కూడా మంచిది కాదు, కనుక నూనె వంటలు, తీపి తగ్గించండి. సారా, గుడాఖు అనే పొగాకు ముద్ద, మన తీరపు ఆడవారిలో ఇంకా మిగిలి ఉన్న, నిప్పు నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ చుట్ట పూర్తిగా మానాలి.

అలసట నెలల తరబడి ఉంటుంది, ఏడాది కూడా పట్టవచ్చు. పడుకుంటే తీరే అలసట కాదు ఇది, నడిస్తే తగ్గుతుంది. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి మొత్తం 150 నిమిషాల నడకకు చేరుకోండి. మే నెల ఎండల్లో తెల్లవారుజామునే నడవండి. అలసట మరీ ఎక్కువగా ఉంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. వేళ్ల తిమ్మిరి కొన్ని కీమో మందుల వల్ల వస్తుంది, మెల్లగా తగ్గుతుంది. అప్పటిదాకా వేడి గిన్నెలు గుడ్డతో పట్టుకోండి, చెప్పులు లేకుండా తిరగకండి.

జుట్టు, జాకెట్టు, దాంపత్యం

కీమో ఆగిన రెండు మూడు నెలల్లో జుట్టు కనిపించడం మొదలవుతుంది, మొదట ఉంగరాలుగా, రంగు మారి కూడా రావచ్చు. రొమ్ము తీసిన చోట లోపల పెట్టుకునే కృత్రిమ రొమ్ము సిలికాన్‌తో చేసినదీ దొరుకుతుంది, మెత్తని నూలు గుడ్డలో దూది నింపి ఇంట్లోనూ కుట్టుకోవచ్చు. మచ్చ పూర్తిగా మానేవరకు, అంటే దాదాపు ఆరు వారాలు, తేలికైన దూదిదే వాడాలి. ఒక వైపు బరువు లేకపోతే వెన్ను వంగి భుజం నొప్పి వస్తుంది కనుక ఆ తరువాత బరువున్నది మేలు. ఎడమ వైపు తీసినవారికి పైట కప్పేస్తుంది, కుడి వైపు తీసినవారికి లోటు బయటికి తెలుస్తుంది, వారు జాకెట్టు లోపల ఆ వైపు ఒక జేబు కుట్టించుకుంటే దూది కదలకుండా ఉంటుంది. చంక దగ్గర వదులుగా, ముందు హుక్కులు ఉండేలా కుట్టమని దర్జీకి చెప్పండి.

భార్యాభర్తల మధ్య ఈ విషయం మీద మౌనమే ఎక్కువ. క్యాన్సర్ అంటువ్యాధి కాదు, కలిసి పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. మచ్చను మొదటిసారి చూడటానికి ఇద్దరికీ సమయం పట్టవచ్చు, చీకట్లో దాచుకోవడంకన్నా ఒక రోజు ఆయన చేతే నూనె రాయించుకోవడం మేలని మా అక్క అనేది. మందుల వల్ల యోని పొడిబారితే నీటితో చేసిన జెల్ వాడవచ్చు. కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది కాని కండోమ్‌తో కలిపి వాడితే అది చిరిగిపోతుంది. హార్మోన్ క్రీములు వైద్యుని అడగకుండా వాడకండి.

మనసు, ఇల్లు, ఆడపిల్లలు

ప్రతి పరీక్షకు ముందు వారం నిద్ర పట్టకపోవడం దాదాపు అందరికీ ఉంటుంది. రెండు వారాలకు మించి ఏడుపు, తిండి మీద విముఖత, బతకాలనిపించకపోవడం ఉంటే అది మందుతో, మాటతో తగ్గే జబ్బు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు 14416, అక్కడ తెలుగులో మాట్లాడే వీలుంది. ఇంట్లోవారు చేయగలిగిన సాయం ఒకటుంది: "నీకేం, బాగయిపోయింది కదా" అనకుండా, ఆమె భయాన్ని పూర్తిగా విని, మాత్ర వేళను, కొలత తేదీని తామూ గుర్తుంచుకోవడం. అక్క విషయంలో ఆ పని మా మేనకోడలు తీసుకుంది.

వంశంలో వ్యాధి సంగతి దాచడం పెళ్లి సంబంధాల భయంతో జరుగుతుంది. వందకు అయిదు నుంచి పది మందికి మాత్రమే ఇది పుట్టుకతో వచ్చే జన్యు మార్పు వల్ల వస్తుంది. ఆ మార్పు తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచీ వస్తుంది. చిన్న వయసులో వచ్చినా, కుటుంబంలో ఒకరికన్నా ఎక్కువ మందికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినా, జన్యు పరీక్ష గురించి అడగండి, అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు పరీక్షలు ఏ వయసులో మొదలుపెట్టాలో కనుక్కోండి. వారికి నిజం చెప్పడమే రక్ష.

ఖర్చు, ప్రయాణం

ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి అమలవుతున్నాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షల వరకు వైద్యం ఉచితం. ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం అక్కడ నివాసం ఉన్నవారికే, కనుక సరిహద్దు అవతల ఇచ్ఛాపురంలో పుట్టినిల్లు ఉన్నంత మాత్రాన అది చెల్లదు. విశాఖ వెళ్లే ముందు మీ కార్డు ఆ ఆసుపత్రిలో పనిచేస్తుందో లేదో ఫోన్ చేసి అడిగి, ఎవరు చెప్పారో రాసుకోండి. క్యాన్సర్ వైద్యానికి, తదుపరి పరీక్షలకు వెళ్లేవారికి స్లీపర్, మూడో ఏసీ తరగతుల్లో రైలు చార్జీ పూర్తిగా మినహాయిస్తారు, తోడు వెళ్లేవారికి 75 శాతం. దానికి ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ధ్రువపత్రం కావాలి, చివరి సందర్శనలోనే తరువాతి ప్రయాణానికి తీసుకుని రండి. కీమో మందుల మోతాదులు, చిన్న చిన్న రక్తపరీక్షలు జిల్లా ప్రధాన ఆసుపత్రిలోనో, బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోనో జరిగే వీలుందేమో అడిగితే ప్రతిసారీ దూర ప్రయాణం తప్పుతుంది.

చివరగా, తుఫానుల ముచ్చట. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోడ్లు, కరెంటు, మందుల దుకాణాలు రోజుల తరబడి లేవు. తిత్లీకి గజపతి కొండల్లో ఊళ్లు తెగిపోయాయి. అందుకని సెప్టెంబరు చివరికల్లా ఒక సంచి సిద్ధం చేసి పెట్టండి. అందులో ఫైలును నీరు చొరని మందపాటి ప్లాస్టిక్ కవరులో ఉంచి, నెలన్నరకు సరిపడా మాత్రలు, వాపుకు వేసుకునే బిగుతు తొడుగుల్లో రెండోది, యాంటిసెప్టిక్ మందు, రబ్బరు చేతితొడుగులు, వైద్యుడు రాసి ఇచ్చిన యాంటిబయాటిక్ చీటీ పెట్టండి. హెచ్చరిక రాగానే ఆశా కార్యకర్తకు మీ పేరు గుర్తుచేయండి. షెల్టరుకు వెళ్లేటప్పుడు ఆ సంచిని ఆపరేషన్ కాని భుజానికే తగిలించుకోండి.